ఎక్స్‌రే క్లీన్ అంటే చిప్ బాగున్నట్టా? కానే కాదు!

"ఎక్స్‌రే తీశాం, ఏమీ లేదు, బోర్డు ఓకే." రిటర్న్ వచ్చిన సర్క్యూట్ బోర్డుల మీద గొడవంతా ఈ మాట దగ్గరే కదా? సూటిగా చెప్తున్నా: చిప్ లోపల పొర ఊడిందా లేదా అన్న ప్రశ్నకి ఆ ఎక్స్‌రే రిపోర్టు చిత్తుకాగితం!

సోల్డర్‌లో బుడగలు, షార్టులు ఎక్స్‌రే పట్టేస్తుంది, ఒప్పుకుంటా. కానీ చిప్ పై కవచమైన ప్లాస్టిక్ మోల్డ్‌కీ, లోపలుండే సిలికాన్ ముక్క, అదే డైకీ మధ్య మైక్రాన్ కూడా లేని గాలి సందు పడితే? బొమ్మలో చిన్న తేడా కూడా రాదు. అల్ట్రాసౌండ్‌కి మాత్రం ఆ సందే గోడ. ధ్వని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది, పైగా ఎకో తలకిందులై వస్తుంది. ఆ తిరగబడ్డ ఎకోనే మన సాక్ష్యం.

అలాగని అల్ట్రాసౌండ్ స్కాన్ చేసిన ప్రతివాడినీ నమ్మకండి. చిప్‌ని డీఅయనైజ్డ్ నీళ్లలో పెట్టాక పైన అంటుకున్న గాలి బుడగల్ని మెత్తటి బ్రష్‌తో తుడవాలి, లేదంటే బుడగ నీడనే డిఫెక్ట్ అనేస్తారు. మందపాటి ప్యాకేజీకి 15 నుంచి 30 మెగాహెర్ట్జ్ చాలు. 230 మెగాహెర్ట్జ్ ప్రోబ్ పెడితే బొమ్మ సన్నగా వస్తుందనుకుంటారు. రాదు, ధ్వని మోల్డ్‌లోనే చచ్చిపోతుంది! గేట్, అంటే ఏ సమయంలో వచ్చే ఎకోని చూడాలో చెప్పే కిటికీ, సరిగ్గా డై పైభాగం ఎకో మీద కూర్చోవాలి. తిరగబడ్డ ఎకోకి గుర్తుగా ఎరుపు మచ్చ కనపడగానే కేకలెయ్యకండి, డై మీద మెత్తటి పూత ఉన్నా ఎకో తిరగబడుతుంది. ధ్వనిని ఒకవైపు పంపి రెండోవైపు పట్టే త్రూ స్కాన్‌లో అదే చోట నల్లగా వస్తే అప్పుడు ఖాయం. ఇంకోటి, గంటలకొద్దీ నానబెట్టకండి. పగుల్లోకి నీళ్లు దూరితే డిఫెక్టే మాయం.

ఇప్పుడు నా థియరీ. "ఫాల్ట్ దొరకలేదు" అని తిప్పి పంపే బోర్డుల్లో చాలావాటికి అసలు దొంగ తేమే. ఎమ్మెస్సెల్ (తేమని ఎంత తట్టుకోగలదో చెప్పే లెవెల్) 3 పార్టు సీలు విప్పాక, 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని చోట, 168 గంటల్లోపు రీఫ్లోకి, అంటే సోల్డర్ కరిగించే ఓవెన్‌కి వెళ్లాలి. దాటిందా, తేమ పోయేలా బేక్ చెయ్యాల్సిందే. చెయ్యకుండా 260 డిగ్రీల్లోకి తోస్తే లోపలి తేమ ఆవిరై పొరని ఊడబెరుకుతుంది. ఊడిన చోట వైర్ బాండ్, అంటే డైకి సన్నతీగ అతుకు, వేడికి లేస్తుంది, చల్లారితే మళ్లీ తగులుకుంటుంది. టెస్ట్ బెంచ్ మీద బోర్డు చల్లగా ఉంటుంది, ఇంకేముంది, పాస్!

అందుకే యాసిడ్ పోసి చిప్ తెరవకముందే స్కాన్ చేయించండి, తెరిచాక ఆ సందు మళ్లీ దొరకదు. రిపోర్టులో రంగుల బొమ్మ ఒక్కటే ఇస్తే తీసుకోవద్దు. అనుమానం ఉన్న చోటుదీ, బాగున్న చోటుదీ, రెండు ఎ-స్కాన్ తరంగాలూ (ఆ ఒక్క చోట వచ్చిన ఎకో గీతలు) పక్కపక్కన పెట్టి ఇమ్మనండి!