క్వాడ్ బైక్ ముందు సస్పెన్షన్: టేపు పట్టిన తర్వాతే రింగు ముట్టుకోవాలి

నమస్కారం. హనుమకొండ శివారులో, ఎండలకు నీళ్లు ఇంకి గట్టిపడిన ఒక చెరువు శిఖంలో ఈ రోజు బండిని నిలబెట్టాం. ఇది యమహా రాప్టర్ 700ఆర్ అనే నాలుగు చక్రాల క్వాడ్ బైక్. రోడ్డు మీద నడపడానికి వీలులేని వాహనం కనుక ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని తెచ్చాం.

ముందు భాగం మెత్తగా అనిపించగానే చాలామంది షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగును అదిమి ఉంచే రింగును బిగిస్తారు. నిరుడు వేసవిలో నేనూ అదే చేశాను. పొలం గెట్టు దాటిన చక్రాలు మళ్లీ నేలను సరిగా పట్టుకోక, హ్యాండిల్ తిప్పినా బండి తిరగకుండా నేరుగా తుమ్మ పొదల్లోకి పోయింది. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనుకోవడమే నా పొరపాటు. ఒక మిల్లీమీటరు కుంగడానికి 3 కిలోల బరువు కోరే స్ప్రింగు, రింగు ఎంత బిగించినా ఆ తర్వాతి ప్రతి మిల్లీమీటరుకూ ఆ 3 కిలోలే కోరుతుంది. మారేది బండి నిలబడే ఎత్తు మాత్రమే. ఆ ఎత్తు మరీ పెరిగితే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను అందుకోవడానికి చోటు మిగలదు.

కాబట్టి ముందుగా టైర్లలో గాలి సరిచూసి, బండి ముందు భాగాన్ని చక్రాలు గాలిలో వేలాడేలా జాకీ మీద లేపి, చక్రం ఇరుసు నుంచి దానికి నేరుగా పైన ఫ్రేము మీద గుర్తు పెట్టిన చోటు దాకా టేపుతో కొలవాలి. తర్వాత బండిని సమతలమైన నేల మీదికి దించి, నడిపే మనిషే హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి, రెండు మూడు సార్లు ఊగి స్థిరపడ్డాక అదే కొలత మళ్లీ తీయాలి. రెండింటి తేడాయే బరువుకు బండి కుంగిన లోతు. ఈ బండి ముందు చక్రం మొత్తం కదలిక సుమారు 230 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మూడో వంతు, అంటే 70 నుంచి 80 మిల్లీమీటర్లు కుంగితే నాకు సరిపోతుంది. చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి లాంటి ఏ-ఆర్మ్ మధ్యలో షాక్ బిగించి ఉంటుంది కనుక రింగు 5 మిల్లీమీటర్లు కదిలితే చక్రం దగ్గర ఎత్తు అంతకు మించే మారుతుంది. అందుకే కొద్దికొద్దిగా, రెండు వైపులా సమానంగా తిప్పాలి. ఎంత బిగించినా బండి ఎక్కువగానే కుంగుతుంటే, మీ బరువుకు ఆ స్ప్రింగు చాలదని అర్థం. దాన్ని మార్చడమే దారి.

ఎత్తు కుదిరాకే క్లిక్కర్ల జోలికి, అంటే షాక్ కదిలే వేగాన్ని సరిచేసే, తిప్పితే క్లిక్కుమనే స్క్రూల జోలికి వెళ్లాలి. స్క్రూను మెల్లగా చివరిదాకా బిగిస్తూ క్లిక్కులు లెక్కపెట్టి, ఆ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లేకపోతే మొదటి స్థితికి తిరిగి రాలేరు. దున్నిన చెలకలో సాళ్లకు అడ్డంగా వేగంగా పోతున్నప్పుడు ముందు భాగం క్రమంగా కిందికి కూరుకుపోయి, గుద్దుళ్లు పెరుగుతూ వస్తే రీబౌండ్, అంటే కుంగిన షాక్ తిరిగి సాగడం, మరీ నెమ్మదిగా ఉన్నట్టు. రీబౌండ్ స్క్రూను రెండు క్లిక్కులు వదలండి. ఒక్క గెట్టు దాటగానే ముందు భాగం బంతిలా ఎగిరితే రెండు క్లిక్కులు బిగించండి. ఎగిరి దిగినప్పుడు షాక్ పూర్తిగా కుంగి అడుగుకు తగిలితే సరిచేయవలసింది కంప్రెషన్, అంటే షాక్ కుంగడాన్ని అడ్డుకునే పట్టు. ఒకసారికి ఒక్కటే మార్చి, అదే దారిలో మళ్లీ నడిపి చూడాలి. షాక్ లోపలి నూనె వేడెక్కి పలచబడితే పట్టు తగ్గుతుంది కనుక, మన మే నెల ఎండలో పొద్దున పెట్టిన లెక్కను మధ్యాహ్నం మరోసారి పరీక్షిస్తాను.

ఎత్తు మారితే ముందు చక్రాల టో, అంటే వాటి ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు కూడా మారుతుంది. మనిషి కూర్చుని ఉండగానే, ఇరుసు ఎత్తులో టైర్ల ముందు వైపు దూరాన్నీ వెనుక వైపు దూరాన్నీ కొలిచి, మాన్యువల్‌లో ఉన్న తేడా వచ్చేదాకా స్టీరింగును చక్రాలకు కలిపే రెండు కడ్డీలను, అంటే టై రాడ్లను, సమానంగా తిప్పి లాక్ నట్లు బిగించాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పినప్పుడు బ్రేక్ గొట్టాలు ఎక్కడా లాగుకోవడం లేదు. ఇక బండిని చెలకలోకి దింపుతున్నాం.