బొంతకు రంగులు ఎక్కడ దొరుకుతాయి? పోచంపల్లి, పుట్టపాక, బతుకమ్మ: నా రివ్యూ

నమస్కారం. నేను నల్లగొండలో ఉంటూ, పాత చీరలతోనూ దర్జీల దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలతోనూ చేతికుట్టు బొంతలు తయారు చేస్తుంటాను. చూడగానే మనసు విచ్చుకునే రంగుల జతలు ఎలా తడతాయని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ వీడియోలో ఏ సామగ్రినీ కాకుండా, నాకు రంగుల ఆలోచన ఇచ్చిన చోట్లనే సమీక్షిస్తున్నాను.

మొదట ఫోనులో చూసే బొమ్మల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. రెండేళ్లపాటు నేను వాటినే నమ్ముకున్నాను. తెర మీద వెలుగుతో మెరిసిన గులాబీ రంగు, గుడ్డ మీదికి వచ్చేసరికి వెలవెలబోయింది. ఐదు మార్కులకు వాటికి ఒక్కటే ఇస్తాను.

రెండవది భూదాన్ పోచంపల్లి. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న ఈ ఊరు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడికి వెళ్లినవారు చీరల దుకాణాలతోనే తృప్తిపడకుండా, నేతకు ముందు జరిగే చిటికీ పనిని తప్పక చూడాలి. నూలుకు ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరిన తరువాత కట్లు విప్పి, మరో చోట కట్టి మరో రంగులో ముంచుతారు. అంటే డిజైను మగ్గం ఎక్కకముందే నూలులో సిద్ధంగా ఉంటుంది. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరగడం వల్ల, రంగుల అంచులు గీత గీసినట్టు తెగిపోకుండా, పక్షి ఈకల కొసల్లా ఒకదానిలో ఒకటి కలుస్తాయి. కొట్టొచ్చే రెండు రంగులు పక్కపక్కనే ఉన్నా కంటికి హాయిగా ఉండడానికి ఆ ఈకల అంచే కారణమని నాకు అక్కడే అర్థమైంది.

అదే జిల్లాలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంప్రదాయ పద్ధతిలో నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు కనుక, గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. అందులో ఉన్నవి ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. నలభై ఎనిమిది రంగుల దారాల పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నా నాకు రాని సందడి, ఆ మూడు రంగుల గుడ్డలో ఎలా వచ్చిందా అని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తెలుపు అక్కడ ఖాళీగా మిగిలిన చోటు కాదు, ఎరుపును వెలిగించే దీపం. దీనికి నాలుగున్నర మార్కులు ఇస్తున్నాను. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపే తీరు కూడా అందమైనదే గాని, దానిలోని గీత గీసినట్టున్న కలయిక నా బొంతల కన్నా, గుడ్డ మీద వేరే గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టే అప్లిక్ పని చేసేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఐదుకు ఐదు మార్కులు మాత్రం బతుకమ్మకే. సద్దుల బతుకమ్మకు ముందురోజు మా అత్తమ్మ గునుగు పూలను పిడికెడు పిడికెడుగా తీసుకుని, తలలన్నీ సమంగా వచ్చేలా కాడలు కత్తిరించి, దారంతో కట్టి, రంగునీళ్లలో తలకిందులుగా ముంచుతుంది. కొనలు చిక్కటి రంగు తాగుతాయి, కాడ దగ్గర మాత్రం తెలుపు మిగిలిపోతుంది. సిబ్బిలో పసుపుపచ్చ తంగేడు వరుస మీద గులాబీ గునుగు, దాని మీద నారింజ బంతి, మళ్లీ నీలం గునుగు పేర్చుతుంటే, ప్రతి వరుసకూ అడుగున కనిపించే ఆ కొద్దిపాటి తెలుపే రెండు రంగులను కొట్లాడుకోకుండా ఆపుతుంది. పోచంపల్లి ఈకల అంచు, పుట్టపాక తెలుపు రెండూ నాకు ఆ సిబ్బిలో ఒకేచోట కనిపించాయి. వీలైతే మీరు ఆ రోజు పేర్చేవారి పక్కనే కూర్చుని, పువ్వులు అందిస్తూ చూడండి. పేర్చిన బతుకమ్మను ఫోటోలో చూస్తే ఈ సంగతి తెలియదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒక దుకాణంలో రంగు నిలుస్తుందా అని అడగకుండా ఎర్ర గుడ్డ కొని బొంతకు కుట్టాను. మొదటి ఉతుకులోనే తెల్లని ముక్కలన్నీ గులాబీ అయిపోయాయి, నెలన్నర పని పాడైంది. ఇప్పుడు ప్రతి ముదురు ముక్కనూ ఉప్పునీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూసిన తరువాతే కుడుతున్నాను.

ఇదిగో, ఇప్పుడు కుడుతున్న బొంతను కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. ఈ పసుపుపచ్చ అత్తమ్మ పాత చీర కొంగు, ఈ గులాబీ మా అమ్మాయి చిన్నప్పటి లంగా, వాటి మధ్య వేలు వెడల్పున ఉన్నది తెల్ల పంచె అంచు. నీలం వరుసకు తగిన గుడ్డ ఇంకా దొరకలేదు కనుక, ఈ మూలను అలాగే ఉంచాను.