రాతిలో బంగారాన్ని గుర్తుపట్టే తీరు

సభకు నమస్కారం.

పలుగురాతిలో పచ్చగా మెరిసే పలుకు కనిపిస్తే చాలామంది ముందు దాన్ని ఎండలోకి తీసుకెళ్తారు. నేను నీడలోకి తీసుకెళ్లమంటాను. బంగారం ఎటు తిప్పినా, నీడలో పెట్టినా ఒకే పసుపు వన్నెతో కనిపిస్తుంది. పైరైటు (బంగారంలా మెరిసే, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఒక కోణంలో తళుక్కుమని, కాస్త తిప్పగానే మసకబారుతుంది. ఆ తరువాత భూతద్దం కింద సన్నని సూది మొనతో ఆ పలుకును మెల్లగా నొక్కాలి. బంగారమైతే సొట్టపడుతుంది, పైరైటైతే చిట్లి పొడి రాలుతుంది, అభ్రకమైతే రేకులుగా విడిపోతుంది. ఈ ఒక్క పరీక్షతోనే చాలా వరకు అనుమానం తీరిపోతుంది. ఇంకా మిగిలితే, నునుపు పూత లేని పింగాణీ పలక మీద గీసి చూడండి: బంగారపు గీటు పసుపుగానూ, పైరైటు గీటు ఆకుపచ్చ ఛాయ గల నలుపుగానూ పడుతుంది. సాంద్రత కూడా మంచి సాక్ష్యమే (నీటితో పోలిస్తే స్వచ్ఛమైన బంగారానిది 19.3 రెట్లు, పైరైటుది సుమారు 5 రెట్లు), కానీ రాతిలో ఇరుక్కున్న పలుకును విడిగా తూచలేం.

ఇక అది అక్కడికి ఎలా చేరింది? కర్ణాటకలోని కోలారు బంగారు గనులనే తీసుకుందాం. 1880లో జాన్ టేలర్ అనే బ్రిటిష్ గనుల సంస్థ అడుగుపెట్టాక 3 కిలోమీటర్లకు మించిన లోతుకు తవ్వుకుపోయి, 2001లో మూతపడిన ఆ గనుల శిలాపట్టీ దక్షిణాన మన చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట దాకా సాగింది. సుమారు 270 కోట్ల ఏళ్ల నాటి ఆ నల్లని రాళ్ల పగుళ్లలో పలుగురాతి చారలు పేరుకున్నాయి. ఇటువంటి చోట్ల, భూమి లోపలి వేడినీటిలో గంధకంతో జతకట్టి కరిగి వచ్చిన బంగారం, రాతిలోని ఇనుము ఆ గంధకాన్ని లాగేసుకోగానే తోడు కోల్పోయి లోహంగా బయటపడుతుంది. అలా పుట్టిన పైరైటు పక్కనే బంగారం ఉండడం అందువల్లనే సాధారణం. కాబట్టి పైరైటు కనిపించిందని రాయిని పారేయడం తొందరపాటే అవుతుంది.

సహజ బంగారంలో దాదాపు ఎప్పుడూ కొంత వెండి కలిసి ఉంటుంది, వెండి పెరిగేకొద్దీ వన్నె పాలిపోతుంది. కొంత బంగారమైతే పైరైటు, ఆర్సెనోపైరైటు (ఆర్సెనిక్ కూడా కలిసిన అటువంటి ఖనిజం) స్ఫటికాల లోపలే దాగి ఏ భూతద్దానికీ చిక్కదు. టన్నుకు 5 గ్రాములున్న ఖనిజంలో సైతం కంటికి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే మెరిసిన ముక్కతో పాటు మెరవని ముక్కలనూ కలిపి పొడిచేసి, సీసంతో కరిగించి పరీక్షించాకే ఆ రాతి విలువ చెప్పాలి.