నాన్నను కదిలించకు

వేదిక మీదున్న పెద్దలకు, పతకాలు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకు, వెనక కుర్చీల్లో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అమ్మలకు నమస్కారం. ఈరోజు నేను ఎక్కువగా మాట్లాడేది ఆ వెనక కుర్చీల వాళ్లతోనే.

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాన్న నిద్రపోతుంటే దగ్గరికెళ్లి తట్టి లేపకూడదు. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి "ఏవండీ" అని మూడుసార్లు పిలిచేది. ఆయన కళ్లు తెరిచి, గది నాలుగు మూలలూ చూసుకుని, తల ఊపాకే కాఫీ గ్లాసుతో లోపలికి వెళ్లేది. నాకు ఏడేళ్లప్పుడు ఒకసారి మరిచిపోయి, భుజం పట్టుకుని కుదిపాను. మరుక్షణం నా మణికట్టు ఆయన పిడికిట్లో ఉంది. నేనెవరో పోల్చుకోవడానికి ఆయనకి రెండు మూడు సెకన్లు పట్టింది. పోల్చుకున్నాక ఆ ముఖం ఎలా అయిపోయిందో నేను ఈ జన్మకు మరచిపోలేను. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, చేతికి వెన్న రాస్తూ "నాన్నను కదిలించకమ్మా" అంది.

నేను సైకాలజిస్టునయ్యాక తెలిసింది, ఈ మాట మా ఒక్క ఇంటిది కాదని. ఫౌజీ ఇళ్లలో కోడళ్లకు అత్తలు చెప్పే మాట ఇది. తల్లులు పిల్లలకు చెప్పే మాట. ప్రేమతో చెప్పే మాటే. కానీ మనిషి లోపలి గాయం మానకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి ఈ మాటే కారణమవుతోందని చెప్పడానికి ఇవాళ ఇక్కడికి వచ్చాను. నాన్న ఇక్కడే ఉన్నారు, అమ్మ పక్కన. వాళ్లిద్దరినీ అడిగాకే ఇదంతా మీ ముందు చెబుతున్నాను.

ఈ మాట చెప్పడానికి మాధవరం కంటే తగిన ఊరు లేదు. ఇంటికొక సైనికుడున్న ఊరిది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని పెద్దలు చెబుతారు. వెళ్లిన వాళ్ల లెక్క మన దగ్గర ఉంది, రానివాళ్ల పేర్లు రాయి మీద ఉన్నాయి. తిరిగొచ్చి, రాత్రిళ్లు నిద్రపట్టక అరుగు మీద కూర్చున్న వాళ్ల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లెక్క వాళ్ల భార్యలకే తెలుసు.

మొదటి యుద్ధం నాడు దీనికి పేరు కూడా సరిగ్గా లేదు. 1915లో చార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు లాన్సెట్ పత్రికలో "షెల్ షాక్" అని రాశాడు. గుండు పక్కనే పేలడం వల్ల మెదడు అదిరి ఇలా అవుతోందని మొదట అనుకున్నారు. తీరా చూస్తే పేలుడు దరిదాపుల్లో లేనివాళ్లకీ అదే వణుకు, అదే మూగతనం. ఆ యుద్ధంలో పారిపోయారనో పిరికివాళ్లనో సొంత సైన్యమే కాల్చి చంపిన 306 మందికి బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. తొంభై ఏళ్లు పట్టింది! వాళ్లలో కొందరైనా జబ్బు మనుషులని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. వియత్నాం నుంచి వచ్చిన సైనికులు పట్టువదలకుండా అడిగితే 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో పీటీఎస్‌డీ అనే పేరు చేరింది. అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. పేరు నోరు తిరగదు గానీ, మీరు నా దగ్గరికి వచ్చి చెప్పే మొదటి మాటలో ఇదంతా ఉంటుంది: "మనిషి మారిపోయాడండి."

ఎలా మారాడు? అడగని జ్ఞాపకం మీద పడుతుంది, పీడకలగా వస్తుంది, ఒక్కోసారి పట్టపగలే వస్తుంది. దాన్ని గుర్తుచేసే చోట్ల నుంచి, మనుషుల నుంచి తప్పించుకు తిరుగుతాడు. "తప్పు నాదే", "ఎవర్నీ నమ్మలేం" అనే ఆలోచన గట్టిపడిపోతుంది, పిల్లాడు ఫస్ట్ వచ్చినా సంతోషం కలగదు. ఒళ్లంతా ఎప్పుడూ కాపలాలోనే ఉంటుంది, కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడతాడు, హోటల్లో గోడకి వీపు ఆనించి గుమ్మం కనిపించేలా కూర్చుంటాడు. ఈ నాలుగూ కలిసి నెల దాటి ఉంటే, రోజువారీ బతుకుకు అడ్డం పడుతుంటే, అప్పుడు దాన్ని జబ్బు అంటాం. ఘోరం చూసిన ప్రతివాళ్లకీ ఇది రాదు. ఎక్కువమంది కొన్నాళ్లకి తేరుకుంటారు. రానివాడు వీరుడూ కాదు, వచ్చినవాడు పిరికివాడూ కాదు. నాన్నను నేను మొదటిసారి చూపించిన డాక్టరుగారు ఆయన ముందే "మిలిటరీ మనిషికి భయమేమిటండీ?" అన్నారు. ఆ ఒక్క మాటతో మరో నాలుగేళ్లు నాన్న ఏ ఆసుపత్రి గడపా ఎక్కలేదు.

ఇక మన సర్దుబాట్ల గురించి.

నాన్న 1988లో శ్రీలంకలో ఉన్నారు, శాంతి దళంలో. జాఫ్నా వైపు రోడ్ల మీద కల్వర్టుల కింద మందుపాతరలు పెట్టేవారు. ఒకరోజు నాన్నకు తలనొప్పిగా ఉంటే, ముందు బండిలో ఆయన చోట స్నేహితుడు ఎక్కాడు. ఆ బండే పేలింది.

ఈ సంగతి మాకు ఆయన అరవై ఒకటో ఏట తెలిసింది. అప్పటిదాకా మాకు తెలిసిందల్లా, తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో మా ఊరి కాలువ మీద ఒక కల్వర్టు ఉంది, నాన్న బండి దాని మీదుగా పోదు. కాలువ గట్టు పట్టుకుని నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్తుంది. అమ్మ వెనక కూర్చుని ఇరవై ఏళ్లు ఆ చుట్టు తిరిగింది, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. పైగా చుట్టాలతో "గట్టు మీద గాలి బాగుంటుందని ఆయనకి ఇష్టం" అని చెప్పేది. తర్వాత బస్టాండు మానేశారు. సినిమా హాలు మానేశారు. పెళ్లిళ్లకు అమ్మ ఒక్కతే వెళ్లి "ఆయనకి ఒంట్లో బాలేదు" అని చదివింపులు ఇచ్చి వచ్చేది. చివరికి రిటైరయ్యాక చేసిన బ్యాంకు గన్‌మెన్ ఉద్యోగం కూడా పోయి, వీధి వరండా ఒక్కటే మిగిలింది.

ఇది ఎలా జరుగుతుందంటే, భయపెట్టే చోటు నుంచి తప్పుకున్న ప్రతిసారీ గుండెదడ తగ్గుతుంది, హాయిగా అనిపిస్తుంది. "తప్పుకున్నాం కాబట్టే బతికాం" అని మెదడు నేర్చుకుంటుంది. ఆ కల్వర్టు కింద ఏమీ లేదని తెలుసుకునే అవకాశమే దానికి రాదు. ఆయన తప్పుకోవడానికి మనం ఇంట్లో దారులు వేసిపెడతాం. టీవీలో యుద్ధం వార్తలొస్తే ఛానల్ మారుస్తాం, పిల్లల్ని గట్టిగా నవ్వనివ్వం, ఫోన్ మనమే ఎత్తుతాం. ఇందులో ఆడవాళ్ల తప్పేమీ లేదు, ఎవరూ మనకి వేరే దారి చూపించలేదు. కానీ ఇలా సర్దుకుపోతూ ఉంటే భర్త జబ్బూ తగ్గదు, భార్య బతుకూ చిన్నదైపోతుంది. మా అమ్మ బీపీ మాత్రలు మొదలుపెట్టింది ఆ వరండా రోజుల్లోనే.

వైద్యం ఉంది. మంత్రం కాదు, "ధైర్యంగా ఉండు" అనే సలహా కూడా కాదు. పద్ధతి ప్రకారం, వారాల లెక్కన సాగే పని. ఒక పద్ధతిని ఎడ్నా ఫోవా అనే ఆవిడ రూపొందించారు. అందులో ఆ రోజు జరిగింది కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదట్నుంచి చివరిదాకా చెప్పాలి. మళ్లీ చెప్పాలి. ఆ రికార్డింగ్ ఇంటి దగ్గర వినాలి. ఒక్కో సిట్టింగ్ గంటన్నర, ఎనిమిది నుంచి పదిహేను దాకా ఉంటాయి. వింటుంటేనే భయమేస్తుంది కదా? మొదటి రెండు మూడు వారాలు నిజంగానే కష్టం. కొందరు మధ్యలో మానేస్తారు, అది దాచను. పూర్తిచేసిన వాళ్లందరికీ సమానంగా తగ్గదు కూడా. కానీ చెప్పగా చెప్పగా ఆ జ్ఞాపకం జ్ఞాపకంలాగే మిగులుతుంది, మీదపడి కరవదు.

రెండో పద్ధతి ప్యాట్రీషియా రెసిక్‌ది, దాదాపు పన్నెండు సిట్టింగులు. మనసులో ఇరుక్కుపోయిన ఒక వాక్యాన్ని పట్టుకుని దానితో వాదించడం నేర్పుతారు. నాన్న వాక్యం ఇది: "నాకు తలనొప్పి రాకపోతే వాడు బతికేవాడు." థెరపిస్టు ఆయన్ని ఓదార్చలేదు, కాగితం ఇచ్చి రాయమన్నారు. మందుపాతర ఎవరు పెట్టారు? తలనొప్పి వచ్చిన ఉదయం మీకు ఆ సంగతి తెలుసా? తెలిసి పంపించారా? మూడు వారాలు రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, చివరికి ఆయన రాసింది ఇది: "వాడు నా చోట పోయాడు. నేను చంపలేదు." ఆరోజు ముప్పై ఆరేళ్ల తర్వాత మొదటిసారి ఆ స్నేహితుడి పేరు ఎత్తి ఏడ్చారు. (నాన్నకు నేను వైద్యం చేయలేదు. కూతురు చేయకూడదు. వేరే ఊళ్లో తోటి థెరపిస్టు దగ్గరికి పంపాను.)

కళ్లను అటూ ఇటూ కదిపిస్తూ చేసే ఈఎండీఆర్ అనేది ఇంకొకటి ఉంది. అదీ పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందన్న దాని మీద నిపుణుల మధ్య వాదన ఉంది. మందుల్లో సెర్ట్రలీన్, పారాక్సిటీన్ లాంటివి సైకియాట్రిస్టు రాస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం దీనికి వైద్యం కాదు, అలవాటుపడితే వదిలించుకోవడం నరకం. క్యాంటీన్ కోటా మద్యం సీసా కూడా అంతే. ఆ రాత్రికి నిద్రపట్టిస్తుంది, పీడకలని మర్నాటికి వాయిదా వేస్తుంది.

ఇప్పుడు దంపతుల సంగతి. క్యాండిస్ మాన్సన్, స్టెఫనీ ఫ్రెడ్‌మన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చేసే పదిహేను సిట్టింగుల వైద్యం ఒకటి తయారుచేశారు. 40 జంటలతో చేసిన అధ్యయనం 2012లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. జబ్బు లక్షణాలూ తగ్గాయి, జబ్బున్న మనిషి కాపురంలో సంతృప్తీ పెరిగింది. ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, భార్యను ఆయాగానో కాపలాగానో చూడరు. ఆమె ఎక్కడెక్కడ సర్దుకుంటోందో అడుగుతారు, ఆమె కోపానికీ చోటిస్తారు. తర్వాత ఇద్దరూ కలిసి తప్పించుకుంటున్న చోట్ల జాబితా రాసుకుని, ఇద్దరూ కలిసే అక్కడికి వెళ్తారు.

మా వాళ్ల జాబితాకు సున్నా నుంచి వంద దాకా టెన్షన్ మార్కులు వేశారు. తెల్లవారుజామున పాలకేంద్రం 30. గూడెం బస్టాండు 55. కల్వర్టు 95. పాలకేంద్రం దగ్గర మొదలుపెట్టి కల్వర్టు దగ్గరికి రావడానికి రెండు నెలలు పట్టింది. మొదటిరోజు దాని మీద నిలబడ్డారు, ముప్పావు గంట. నాన్న చొక్కా తడిసిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకోబోయి ఆగింది, పట్టుకోవద్దని ముందే అనుకున్నారు మరి. పది నిమిషాలకోసారి "ఇప్పుడెంత?" అని మాత్రం అడిగింది. తొంభై ఐదు. తొంభై ఐదు. ఎనభై. అరవై ఐదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. ఎందుకు చెప్పుకోరో నాకు తెలుసు. పూర్తి ఫిట్ అని ఇచ్చే షేప్ వన్ గ్రేడు పోతుందని, లో మెడికల్ కేటగిరీలో పడేస్తారని, ప్రమోషన్ ఆగుతుందని. ఆ భయం ఉత్తిది అని నేను అనను. కానీ దాచుకున్న జబ్బు ముదిరి, తోటివాడి మీదో సెంట్రీ పోస్టులోనో బయటపడితే పోయేది ప్రమోషన్ ఒక్కటే కాదు. లీవులో ఉన్నప్పుడైనా, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. సైన్యం కోసం దాని ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో మొదలైంది. పెన్షన్ మీదున్న వాళ్లు మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలిక్లినిక్‌లో అడిగి సైకియాట్రిస్టుకి రెఫరల్ రాయించుకోండి. అక్కడ "బీపీ, షుగరు" అని ఆగకండి, "నిద్ర పట్టడం లేదు, పాతవి గుర్తొస్తున్నాయి" అని నోరు విప్పండి. మీ వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. శిక్షణ పొందిన థెరపిస్టులు మనవైపు చాలా తక్కువ, అది నిజం. వెతకాలి, ఫోన్లోనో వీడియోలోనో అయినా దొరుకుతారు.

ఇంకో రెండు మాటలు, కొంచెం కటువుగా. ఇంట్లో కొట్టడం ఉంటే ఇద్దరూ కలిసి కూర్చునే వైద్యం ముందు కాదు, ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. "యుద్ధం చూసొచ్చాడు కదా" అని దెబ్బలు ఓర్చుకోమని ఏ అత్తా చెప్పొద్దు. గన్ లైసెన్సు ఉన్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మనిషి బాగాలేని రోజుల్లో ఆ తుపాకీ ఇంట్లో ఉండకూడదు, చట్టప్రకారం ఎక్కడ అప్పగించాలో స్టేషన్లో అడగండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది.

పిల్లల గురించి చెప్పి ముగిస్తాను. కారణం చెప్పకపోతే పిల్లలు తామే కారణం అనుకుంటారు. నేను ఏడేళ్లప్పుడు అలాగే అనుకున్నాను, నా అల్లరి వల్లే నాన్న అన్నం తినడం లేదని. ఆరోజు ఎవరైనా "నాన్న ఒక చెడ్డ పేలుడు చూశారమ్మా, నిద్రలో అది గుర్తొస్తుంది, నీ తప్పు లేదు" అని ఉంటే చాలు, ఒక్క వాక్యం.

ఈ ఉదయం మేం ముగ్గురం ఇక్కడికి ఆ కల్వర్టు మీదుగానే వచ్చాం. కారు నాన్నే నడిపారు. దాని దగ్గరికి రాగానే కొంచెం స్లో చేశారు. అమ్మ వెనక సీట్లోంచి "ఇప్పుడెంతండీ?" అని అడిగింది.

"ఇరవై" అన్నారు నాన్న, గేరు మారుస్తూ.