వేలాడే రాయి, దాని కింద మనుషులు

అందరికీ నమస్కారం. తెరమీద కనిపిస్తున్నది స్కాట్లాండ్ చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ 1841లో వేసిన చిత్రం. చోటు బాల్బెక్, నేటి లెబనాన్‌లోని బెకా లోయలో ఉంది. రోమన్లు తమ మద్యదేవుడు బాకస్‌కు క్రీ.శ. 2వ శతాబ్దంలో కట్టిన గుడి ద్వారం ఇది. చిత్రం పేరులో ‘మహాదేవాలయం’ అని ఉంటుంది కానీ, అక్కడి అతిపెద్ద గుడి దీని పక్కనున్న, రోమన్ల ప్రధాన దేవుడు జూపిటర్‌ది.

ముందు తలుపు పైదూలం చూడండి. మూడు రాళ్లు కలిపి కూర్చారు. గద్ద బొమ్మ చెక్కిన నడిమి రాయి కిందికి జారి, అటూ ఇటూ రాళ్ల ఒత్తిడికే ఆగి వేలాడుతోంది. 1759 భూకంపాల దెబ్బ అది. జూపిటర్ గుడిలో అప్పటిదాకా తొమ్మిది స్తంభాలు నిలిచి ఉండేవి, ఆ తర్వాత ఆరే మిగిలాయి. తర్వాతి కాలంలో ఈ రాయి పడిపోకుండా కింద ఆసరా కట్టారు. 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ పురావస్తు బృందం దాన్ని మళ్లీ పైకెత్తింది. ఇప్పుడు బాల్బెక్ వెళ్లినవాళ్లకు ఆ వేలాడే రాయి కనిపించదు. రాబర్ట్స్ బొమ్మ అందుకే నాకు విలువైన సాక్ష్యం.

ఆయన చెప్పులు కుట్టే తండ్రి కొడుకు. ఇళ్లకు రంగులు వేయడం నేర్చుకుని, ఏళ్ల తరబడి నాటకశాలలకు తెరలు చిత్రించాడు. ఆ చెయ్యి ఇక్కడ తెలిసిపోతుంది. ద్వారం చిత్రమంతా ఆక్రమించింది, మనుషులు చీమలంత ఉన్నారు. రాతి బరువు మన మీద పడుతున్నట్టు అనిపించడానికి కారణం ఆ కొలతల తేడాయే. నిజంగా గొప్ప పనితనం.

ఇక ఆ మనుషుల సంగతి. రంగురంగుల తలపాగాలు, తీరిగ్గా కూర్చున్న భంగిమలు. ఏ ఒక్కరికీ పని లేదు, ఎవరి ముఖమూ గుర్తుండదు. రాబర్ట్స్ 1839 మేలో, జ్వరంతోనే, ఇక్కడికి వచ్చాడు. అప్పుడు ఈ ప్రాంతం ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ చేతిలో ఉంది. రాబర్ట్స్ వెళ్లిన కొన్ని వారాలకే, జూన్‌లో, నేటి టర్కీలోని నెజిబ్ దగ్గర ఈజిప్టు, ఒట్టోమన్ (తురుష్క సామ్రాజ్య) సైన్యాలు తలపడ్డాయి. 1840లో ఒట్టోమన్ల పక్షాన బ్రిటిష్ యుద్ధనౌకలు బీరూట్ మీద గుండ్లు కురిపించాయి. ఆ మరుసటి ఏడాది లండన్‌లో, వెంట తెచ్చుకున్న స్కెచ్‌లు ముందు పెట్టుకుని, ఆయన ఈ నిశ్శబ్దాన్ని చిత్రించాడు.

శిథిలాలను చిత్రించే చిత్రకారుడు యుద్ధం ఎందుకు గీయాలని మీరు అడగవచ్చు. గీయనక్కర్లేదు. నాకు అభ్యంతరం వేరే ఉంది. రాయికి తగిలిన ప్రతి పగులునూ అంత శ్రద్ధగా చూసిన కన్ను, ఆ రాళ్ల మధ్య బతుకుతున్నవాళ్లను అలంకారంగానే చూసింది. తూర్పుదేశాలంటే కాలం ఆగిపోయిన చోటు అని యూరప్ నమ్మడానికి ఇలాంటి అందమైన చిత్రాలు చాలా సాయపడ్డాయి. ఈ ప్రయాణపు చిత్రాలు 1842 నుంచి లితోగ్రాఫులుగా, అంటే రాతిపలక మీద గీసి తీసే ముద్రలుగా, అచ్చయి, ఆ దేశాలు ఎన్నడూ చూడని ఎందరి ఇళ్లకో చేరాయి.

ఇప్పుడు అదే ద్వారం ఫొటో చూపిస్తాను, రాయి పైకెత్తిన తర్వాతది. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలతలు పోల్చుదాం.