అభ్యర్థి అఫిడవిట్‌ను ఎలా చదవాలి?

నమస్కారం. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఈసారి ఎవరికి వేయాలన్న చర్చ ఇంటింటా నడుస్తోంది. ఫలానావారికి వేయండని నేను చెప్పను. కానీ మీరు తేల్చుకోవడానికి పనికొచ్చే ఒక పత్రం ఉంది. అభ్యర్థి ప్రమాణం చేసి, సంతకం పెట్టి, నామినేషన్‌తో పాటు ఇచ్చే పత్రం. దాని పేరు ఫారం 26. మనం అఫిడవిట్ అంటున్నది దాన్నే. ఈ రోజు దాన్ని కలిసి చదువుదాం.

అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కు అని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంతో మొదలైన పోరాటం అది. ఆ తీర్పుకు గండి కొడుతూ పార్లమెంటు చట్టాన్ని సవరిస్తే, 2003లో కోర్టు ఆ సవరణను కొట్టివేసింది. ఇంత పోరాడి తెచ్చిన పత్రాన్ని మనలో చాలామంది ఒక్కసారి కూడా తెరిచి చూడలేదంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇది ఎక్కడ దొరుకుతుందంటే, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అఫిడవిట్ల విభాగం ఉంది. ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల పేర్లు వస్తాయి. పేరు నొక్కితే పీడీఎఫ్ దిగుతుంది. ఎన్నికల సంఘం యాప్‌లోనూ చూడవచ్చు. ఇది శాసనసభ, లోక్‌సభ ఎన్నికల సంగతి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూసుకుంటుంది కాబట్టి అక్కడి పద్ధతి వేరు.

ఇప్పుడు తెర మీద చూడండి. ముందుగా కేసుల పట్టికకు వెళ్దాం. పత్రికల్లో "ఈయన మీద పది కేసులు" అని చదివి అక్కడితో ఆగిపోతాం. ఆ అంకెను బట్టి దేన్నీ తేల్చకండి. పట్టికలో ప్రతి కేసుకూ సెక్షన్ల వరుస ఉంటుంది, పక్కనే నేరం గురించి క్లుప్తంగా రాసి ఉంటుంది. నిషేధాజ్ఞలు ఉల్లంఘించి ధర్నా చేసినందుకు పెట్టిన కేసులు పది ఉండవచ్చు. హత్యాయత్నం కేసు ఒక్కటే ఉండవచ్చు. ఈ రెండూ ఒకటి కావు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత కేసులకు ఒక నంబరు, కొత్తవాటికి మరో నంబరు కనిపిస్తాయి. మోసానికి పాత సెక్షన్ 420, కొత్తది 318. హత్యాయత్నానికి పాతది 307, కొత్తది 109.

ఆ పట్టికలోనే మరో గడి ఉంది, దాన్ని వదలకండి. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్న గడి. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాయడం వేరు, న్యాయమూర్తి కాగితాలన్నీ చూసి విచారణ జరపాల్సిందేనని తేల్చడం వేరు. అప్పటికీ నేరం రుజువైనట్టు కాదు. శిక్ష పడిన కేసులకు విడిగా మరో పట్టిక ఉంటుంది.

కేసులున్న వ్యక్తికి టికెట్ ఇచ్చిన పార్టీ, ఆయన్నే ఎందుకు ఎంచుకుందో, కేసులు లేనివారిని ఎందుకు ఎంచుకోలేదో బహిరంగంగా చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇది. గెలిచే సత్తా ఉందన్నది ఒక్కటే కారణంగా చూపకూడదని కూడా కోర్టు చెప్పింది. పార్టీ వెబ్‌సైట్‌లో ఆ కారణాలు వెతికి చదవండి. "ప్రజాసేవకుడు, ప్రజాదరణ ఉన్న నాయకుడు" అని ఒకే వాక్యం అందరికీ అతికించి ఉంటే, ఆ పార్టీ మీకు జవాబు చెప్పలేదనే అర్థం.

ఇక ఆస్తులు. నా దృష్టిలో అసలు చదవాల్సింది ఇక్కడే. మొత్తం ఎన్ని కోట్లో చూసి ఆశ్చర్యపోయి వదిలేయకండి. డబ్బు ఉండడం తప్పు కాదు. అది ఎలా పెరిగిందన్నది ప్రశ్న. అదే అభ్యర్థి గత ఎన్నికలో ఇచ్చిన అఫిడవిట్ కూడా దించుకుని, రెండూ పక్కపక్కన పెట్టండి.

నేను పోయినసారి ఒక అభ్యర్థివి అలాగే చూశాను. పేరు చెప్పను. భూమి విలువ ఐదేళ్లలో రెట్టింపైంది. మొదట అనుమానపడ్డాను. గడులు వరుసగా చదివితే అది వారసత్వంగా వచ్చిన పాత పొలమే, పెరిగింది మార్కెట్ ధర మాత్రమే. అనవసరంగా అనుమానించాను. కానీ రెండు పేజీల తర్వాత జీవిత భాగస్వామి పేరిట ఒక వాణిజ్య భవనం కనిపించింది. స్వార్జితం అని రాశారు, కొన్న తేదీ, కొన్న ధర ఉన్నాయి. వెనక్కి వెళ్లి ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల పట్టిక చూశాను. ఆమె ఐదేళ్ల ఆదాయం కలిపినా ఆ ధరలో పావు వంతు లేదు. అప్పుల పట్టికలో బ్యాంకు రుణం లేదు. తప్పు జరిగిందని దీన్ని బట్టి చెప్పలేం. పాత ఆస్తి అమ్మి ఉండవచ్చు, బంధువులు ఇచ్చి ఉండవచ్చు. అడగాల్సిన ప్రశ్న మాత్రం దొరికింది.

ప్రభుత్వ కాంట్రాక్టుల వివరాలు కూడా చూడండి. అభ్యర్థికి గానీ, కుటుంబానికి గానీ, వారు భాగస్వాములుగా ఉన్న సంస్థలకు గానీ కాంట్రాక్టులుంటే అక్కడ రాయాలి. చదువు గడిని నేను పెద్దగా పట్టించుకోను. డిగ్రీని బట్టి మంచి ప్రతినిధి అవుతారో లేదో తెలియదు.

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక పోలింగ్‌కు కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని చట్టం. బరిలో ఎవరున్నారో తేలాక ఈ పని చేయడానికి అది చాలు. మీరు వేద్దామనుకుంటున్న అభ్యర్థితోనే మొదలుపెట్టండి. అవతలివారిలో లోపాలు వెతకడం ఎవరికైనా ఇష్టమే, మనకు నచ్చినవారి పత్రం చదవడానికే మనసు రాదు.

చివరగా మళ్లీ మొదటి పేజీకి వస్తున్నాను. ఇదిగో, ఇక్కడ అభ్యర్థి ఫోన్ నంబరు, ఈమెయిల్ రాసే చోటు ఉంది. ఆ భవనం గురించి నేను ఈ ఈమెయిల్‌కే రాశాను, మర్యాదగా, పేజీ సంఖ్యతో సహా. జవాబు రాలేదు. అదే వారం ఇంకో అభ్యర్థికి ఆయన మీదున్న ఒక కేసు గురించి రాస్తే, మర్నాడే ఫోన్ చేసి ఇరవై నిమిషాలు వివరించారు. నా ఓటు ఎవరికన్నది నాకు ఆ రోజే తేలింది.