కాంటూరు రాయి దగ్గర నీళ్లు ఆగుతాయా?

యాంకర్: నమస్కారం. రాష్ట్రంలో చిత్తడి నేలల పరిరక్షణ ప్రణాళిక ఎలా ఉండాలన్నది ఈ రోజు చర్చ. మన దగ్గర ఈ మాటెత్తితే ముందు కొల్లేరే గుర్తొస్తుంది, అక్కడే మొదలుపెడదాం. స్టూడియోలో ఒక రిటైర్డ్ అటవీ అధికారి, సాగునీటి ఇంజినీరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన, పర్యావరణ కేసులు చూసే న్యాయవాది, కైకలూరు వైపు నుంచి వచ్చిన చేపల రైతు ఉన్నారు. సార్, 1999లోనే అభయారణ్యం అన్నారు కదా, ఇంకా ప్రణాళిక దేనికి?

అటవీ అధికారి: అప్పుడు ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు గీత గీశారు. 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, అంటే రామ్‌సర్ జాబితాలోకి ఎక్కినప్పుడు చూపిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న నేలను ఏ శాఖ చూస్తుందని అడిగితే, ఒక్కో ఆఫీసులో ఒక్కో జవాబు వస్తుంది.

రైతు: మా ఊరి పక్కన ఆ గీతకు గుర్తుగా పాతిన కాంటూరు రాయి ఉందండీ. వానాకాలం మెడ దాకా మునుగుతుంది. ఎండాకాలం దానికే గేదెను కట్టేస్తాం. ఆ రాయిని చూసి నీళ్లు ఆగవు, మేం మాత్రం ఆగాలి!

యాంకర్: 2006లో మీ చెరువులూ పోయాయా?

రైతు: ఆపరేషన్ కొల్లేరని ప్రభుత్వం వాళ్లొచ్చి అభయారణ్యంలో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశారు. మాది జిరాయితీ నేల, తాతల నాటి పట్టా. పరిహారం మాట ఇంకా తేలలేదు. ఒక్క మాట ఒప్పుకోవాలండీ, కొట్టిన గట్లు మళ్లీ లేచాయి. రాత్రిపూట పొక్లెయిన్ దిగితే తెల్లారేసరికి గట్టు వచ్చేస్తుంది. నేను లేపలేదని చెప్పను.

(నవ్వులు)

ఇంజినీరు: ఆయన గట్టొక్కటే కాదు కదా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు లోపలికి వస్తాయి. బయటికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే, దాదాపు అరవై కిలోమీటర్లు వెళ్లి సముద్రంలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇళ్లలోకి వచ్చింది. ఆ ఏరు చివరికి కలిసేది కొల్లేరులో అని ఆ కాలనీల్లో ఎంతమందికి తెలుసు? సరస్సు చుట్టూ ప్రణాళిక వేస్తే సగం పనే. ఏరు పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా మొత్తాన్నీ ఒక్కటిగా చూడాలి.

యాంకర్: మేడమ్, చట్టం అలా చూస్తుందా?

న్యాయవాది: కేంద్రం తెచ్చిన 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం ప్రతి రాష్ట్రానికీ చిత్తడి నేలల అథారిటీ ఉండాలి. మంత్రి చైర్మన్, సాగునీరు, మత్స్య, రెవెన్యూ శాఖల వాళ్లు సభ్యులు. నీటి పరివాహక ప్రాంతాన్నీ లెక్కలోకి తీసుకోమన్నారు. ఇక్కడో మెలిక ఉంది. సాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువు ఆ నిబంధనల్లో చిత్తడి నేల కిందికే రాదు. మన ఊళ్లలో చెరువులన్నీ దేనికి తవ్వారండీ? పొలానికి నీళ్లకే. ఇక ఆ చెరువులో ఎన్ని కొంగలు దిగినా ఈ నిబంధనలు దాన్ని కాపాడవు.

అటవీ అధికారి: చేపల చెరువుల్నీ, ఉప్పు మడుల్నీ కూడా వదిలేశారు.

న్యాయవాది: అవును. అయితే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, 2.25 హెక్టార్లు దాటిన ప్రతి చిత్తడి నేలనూ నేల మీదికి వెళ్లి చూసి హద్దులు తేల్చమని రాష్ట్రాలకు చెప్పింది. అంటే ఐదున్నర ఎకరాలు. నన్నడిగితే ప్రణాళికలో మొదటి పేజీ ఆ జాబితానే. అది తేలకుండా రాసేదంతా సెమినార్ కబుర్లే.

యాంకర్: బాగుపడిన సరస్సు ఎక్కడైనా ఉందా?

ఇంజినీరు: పక్కనే చిలికా. ఒడిశా 1991లోనే దానికి ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. 2002లో రామ్‌సర్ వాళ్ల ప్రమాద జాబితా నుంచి బయటపడింది. మనకీ ముందు ఉప్పుటేరులో పూడిక తీయాలి.

రైతు: తీస్తే వేసవిలో సముద్రం పైకెక్కుతుంది సార్. ఇప్పటికే కొన్ని ఊళ్లలో నీళ్లు ఉప్పగిల్లుతున్నాయి.

ఇంజినీరు: అందుకే రెగ్యులేటర్లు, అంటే నీటిని ఆపే తలుపులు కట్టాలనేది.

రైతు: కడితే సముద్రం నుంచి వచ్చే చేపపిల్ల ఎట్లా లోపలికొస్తుంది?

అటవీ అధికారి: కొల్లేరు ఒడ్డున ఆటపాకలో ఉండే గూడబాతులకీ కావాల్సింది ఆ చేపలే. తలుపులు ఏ నెలలో ఎత్తాలి, ఏ నెలలో దించాలి అన్నది ముందే రాసుకోవాలి.

యాంకర్: మరి ఆ తలుపులు ఎవరి చేతిలో ఉండాలి?

ఇంజినీరు: మామూలుగా అయితే మా పాత శాఖే చూసుకుంటుంది.

రైతు: అయితే మా ఊళ్ల నుంచి ఇద్దర్ని కూడా కూర్చోబెట్టండి. నీళ్లు ముందు ఎక్కేది మా ఇళ్లలోకే.

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత ఆ ఇద్దర్ని ఎవరు ఎంచాలో మాట్లాడదాం.